నాలుగో మంచం పక్క కుర్చీ

ఫిబ్రవరి 6, గురువారం

మధ్యాహ్నం పన్నెండూ నలభైకి సభలో చెయ్యెత్తాను. చిన్న బడుల బిల్లు మొదటి ఓటింగులో ఒక్క ఓటుతో నెగ్గింది. ఆ ఒక్క ఓటు నాది.

ఆ సమయంలో నేను సభలో ఉండకూడదు. కింద క్యాంటీన్‌లో ఉండాలి. ఉన్నాను కూడా. టీ చెప్పాను, వచ్చింది, రెండు గుక్కలు తాగాను. ఓటింగు గంట మోగింది. కదల్లేదు. అప్పుడు మా పార్టీ విప్ వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు.

"టీ తర్వాత తాగుదువుగాని, లే."

"నాకు జోడీ ఉందండీ."

"ఎవరితో?"

"టీచరమ్మగారితో."

"అది పెద్దాయన కట్టిన జోడీ. ఆయన పోయాడు, దానికీ కాలం తీరింది. నీకు వచ్చింది ఆయన కుర్చీ. కుర్చీ పైన సభలో ఉంది, ఇక్కడ లేదు. లే తమ్ముడూ, తలుపులు వేసేస్తున్నారు."

లేచాను.

పేపర్లో పనిచేసిన రోజుల్లో ఈ జోడీల గురించి రెండుసార్లు రాశాను. అటువైపు ఒకరు ఒంట్లో బాగాలేక రాలేకపోతే, ఇటువైపు ఒకరు కావాలనే బయట కూర్చుంటారు. లెక్క ఎక్కడిదక్కడే ఉంటుంది. దీనికి రూలు లేదు, కాగితం లేదు, సంతకం లేదు. నోటిమాట. రాతకోతలు లేకుండా ఈ సభలో నడిచే వ్యవహారం ఇదొక్కటే అని రాశాను. ఎడిటర్ మెచ్చుకున్నాడు.

నేను బయట కూర్చుని ఉంటే ఓట్లు సమానమయ్యేవి. సమానమైతే బిల్లు వీగిపోతుంది.

అటువైపు పార్టీ టీచరమ్మకి నేను మాటివ్వలేదు. ఈ సంగతి రాసిపెట్టుకోవాలి. తల ఊపాను, అంతే.


ఫిబ్రవరి 7, శుక్రవారం

సభకి వెళ్లలేదు. జలుబని చెప్పాను. జలుబు లేదు.


ఫిబ్రవరి 8, శనివారం

మా ఆవిడ కింద షాపులో యూనిఫారాలు కుడుతుంది. ఈ వార్డులోని రెండు చిన్న బడులూ ఆవిడ పాత గిరాకీలే. పొద్దున టేపు మెడలో వేసుకుని పైకి వచ్చింది.

"ఏవండీ, వచ్చే ఏటికి కొలతలు తీసుకోమంటారా, వద్దా?"

"ఇంకా తుది ఓటు ఉంది. కమిటీకి వెళ్లి రావాలి."

"నేనడిగింది కొలతల గురించి."

నలభై మంది కంటే తక్కువ పిల్లలున్న బడులన్నీ మూసేసి పెద్ద బడుల్లో కలిపేస్తారు. అదీ బిల్లు. మా రెండు బడులూ నలభై లోపే. వాటిలో ఒకదానికి స్లాబు వేయించింది నేను. కౌన్సిలర్‌గా నేను చేసిన పనుల్లో మునిసిపాలిటీ చుట్టూ ఎక్కువసార్లు తిరిగింది దానికే. ఇప్పటికీ ఊళ్లో దాన్ని స్లాబు బడి అంటారు.

నవంబరులో పెద్దాయన పోయాడు. ఎన్నికలు ఏడాది దూరం. మా సభ రూలు ప్రకారం ఖాళీ అయిన సీటుకి మళ్లీ ఎన్నిక పెట్టరు, పార్టీ ఒక పేరు పంపితే చాలు. ముగ్గురు పెద్ద నాయకులు ఆ సీటు కోసం కొట్టుకున్నారు. ఎవరికిచ్చినా మిగతా ఇద్దరూ అలుగుతారని, ఎవరికీ అడ్డం రానివాణ్ని వెతికారు. నేను దొరికాను. వీధి దీపాలు, కాలవలు, కుళాయిలు చూసుకునే వార్డు కౌన్సిలర్ని. పైన ఎవరికీ శత్రువుని కాదు. మిత్రుణ్నీ కాదు.

నన్ను ఎవరూ ఎన్నుకోలేదు. నా వెనక నన్ను పెట్టుడు పళ్లంటారని తెలుసు. ఒకసారి నా ముందే అన్నారు. నేనూ నవ్వాను.

ప్రమాణం చేసే రోజు పెద్దమ్మగారు, అంటే పెద్దాయన భార్య, ఆయన నల్లకోటు పంపించింది. మా ఆవిడ భుజాల దగ్గర, నడుం దగ్గర బిగించి నాకు సరిపోయేలా కుట్టింది. అది వేసుకునే ప్రమాణం చేశాను. ఫొటోలో బాగానే ఉన్నాను.

మొన్న చెయ్యెత్తినప్పుడు కూడా అదే కోటు.


ఫిబ్రవరి 10, సోమవారం

సభకి వెళ్లాను. ఏమీ జరగలేదు. ఎవరూ ఏమీ అనలేదు. అటువైపు వాళ్లు నమస్కారం పెడితే తిరిగి పెట్టారు. నేను ఊహించుకున్నంత లేదు.

ఒకటి మాత్రం చూశాను. మా పార్టీలోనే ఒకాయనకి మెట్ల మీద జారి కాలు విరిగింది. పట్టీ తొడ దాకా ఉంది. ఇలాంటప్పుడు అటువైపు ఎవరో ఒకరు జోడీ కట్టి ఇంట్లో పడుకోమంటారు. ఇవాళ విప్ నలుగురిని అడిగాడట. నలుగురూ ఒకే మాటన్నారట: "ఇంకెక్కడి జోడీలండీ?" కాలాయన్ని కుర్చీలో కూర్చోబెట్టి ఇద్దరు మోసుకొచ్చారు. ఆ కుర్చీ తలుపులో పట్టలేదు. పక్కకి తిప్పారు. ఆయన అరిచాడు.

నా బెంచీ దాటుతున్నప్పుడు కిందికి వంగి అన్నాడు: "నీ చెయ్యి చల్లగుండ, నా కాలు చూడవయ్యా."

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. నేనూ నవ్వాను.


ఫిబ్రవరి 11, మంగళవారం

సాయంత్రం పెన్సిల్ ఫోన్ చేశాడు. పేపర్లో నా పక్క బల్ల వాడు. చెవి మీద పెన్సిల్ లేకుండా వాణ్ని ఎవరూ చూడలేదు.

"ఒరేయ్, మొన్నటి ఓటింగులో జోడీ తెగిందంటున్నారు. నిజమేనా?"

"నాకు తెలీదురా."

"తెగ్గొట్టింది నువ్వే అంటున్నారు."

"ఎవరు?"

"నేనడిగితే నువ్వు చెప్పాలి గానీ, నన్నడుగుతావేంట్రా? ఆవిడేమైనా అంటుందేమో అని టీచరమ్మకి కూడా చేశాను. 'ఏమీ లేదు బాబూ' అని పెట్టేసింది. నువ్వేమంటావు?"

"ఏమీ అనను."

వాడు అన్నాడు: "గుర్తుందా, ఇలా అనేవాళ్లకి నువ్వొక మార్కు పెట్టేవాడివి. కాగితం అంచున సున్నా చుట్టేవాడివి."

గుర్తుంది. అబద్ధమాడినవాడికి అడ్డగీత. నోరు విప్పడానికి భయపడ్డవాడికి సున్నా. సున్నా వాళ్లనే ఎక్కువ చులకనగా చూసేవాణ్ని.

టీచరమ్మ నా పేరు చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో తెలీడం లేదు. చెప్పి ఉంటే బాగుండేది. నేను కాదనేవాణ్ని.


ఫిబ్రవరి 12

రాయడానికేం లేదు. టీచరమ్మతో చెయ్యి కలిపిన మాట నిజమే. కానీ సంతాప సభలో అందరితోనూ చేతులు కలుపుతాం.


ఫిబ్రవరి 13, గురువారం

టీచరమ్మ వచ్చింది.

గురువారం ఆవిడ రాదు. రాకూడదు. వారానికి మూడు రోజులు ఆవిడకి మిషన్ మీద రక్తం శుభ్రం చేస్తారు. కిడ్నీలు రెండూ పనిచెయ్యవు. ఈ సంగతి ఆవిడ పార్టీలో కూడా ఎవరికీ తెలీదు. తెలిస్తే వచ్చే ఎన్నికల్లో ఆ సీటు కోసం ఇప్పట్నుంచే తన్నుకుంటారు. పెద్దాయనకి తెలుసు. ఆ రోజుల్లో ఓటింగు ఉంటే ఆయన మోకాళ్ల నొప్పని క్యాంటీన్‌లో కూర్చునేవాడు. ఆయన తర్వాత నాకు తెలుసు.

పదకొండింటికి వచ్చి సాయంత్రం దాకా కదలకుండా కూర్చుంది. ఇవాళ ఓటింగులన్నీ చిన్నవే. వేటికీ ఆవిడ ఓటుతో పనిపడలేదు. అయినా ప్రతిదానికీ చెయ్యెత్తింది. మొహం ఉబ్బి ఉంది. కాళ్లకి చెప్పులు పట్టక మగవాళ్ల రబ్బరు చెప్పులు వేసుకొచ్చింది. మధ్యలో రెండుసార్లు ఊపిరి అందక కళ్లు మూసుకుంది. పక్కన కూర్చున్నావిడ, "ఏంటి టీచరమ్మా, నిద్రొస్తోందా?" అంది. "వయసొచ్చిందమ్మా" అంది టీచరమ్మ.

ఆ సభలో అది నిద్ర కాదని తెలిసినవాణ్ని నేనొక్కణ్నే.

నేను సభలో ఉన్నన్నాళ్లూ ఆవిడ మిషన్ దగ్గర నిశ్చింతగా పడుకోదు. ఆవిడ నావైపు చూడనైనా లేదు. చూసి ఉంటే ఏదో ఒకటి చేసేవాణ్నేమో.

సాయంత్రం స్పీకర్ ప్రకటించాడు. చిన్న బడుల బిల్లుకి తుది ఓటు 20వ తారీఖున. చూశాను. గురువారం.


ఫిబ్రవరి 15, శనివారం

పెద్దమ్మగారు షాపుకి వచ్చింది. నేను పైన ఉన్నాను. కింద గొంతు విని మెట్ల మీదే ఆగిపోయాను. దిగకుండా ఉందామనుకున్నాను. మా ఆవిడ పైకి చూసి, "ఇక్కడే ఉన్నారమ్మా, దిగుతున్నారు" అంది.

దిగాను. కుర్చీ వేశాను. కూర్చోలేదు.

"కోటు కోసం వచ్చాను నాయనా."

"కోటా అమ్మా?"

"ఆయన కోటు. ఇచ్చెయ్యి."

మా ఆవిడ మారుమాట్లాడకుండా పైకి వెళ్లి కోటు తెచ్చింది. "భుజాలు బిగించానమ్మా. కుట్లు విప్పి, ఇస్త్రీ చేసి సోమవారం పంపిస్తాను."

"ఫర్వాలేదమ్మా, ఎవరూ వేసుకునేది కాదు. అలాగే ఇవ్వు."

"లేదమ్మా, విప్పే ఇస్తాను. మీ ఇంటి కోటు మీ ఇంటి కొలతలతోనే రావాలి."

పెద్దమ్మగారు అప్పుడు కూర్చుంది. నన్ను పైనుంచి కిందిదాకా చూసింది. కోపం లేదు. చదువుకునే పిల్లాడు ఎందుకు తప్పాడో తెలీని తల్లిలా చూసింది.

"ఆ రోజు నేనూ అక్కడే ఉన్నాను కదా" అంది. "సంతాప సభ అయిపోయాక, వంటింటి గుమ్మంలో. ఆవిడ అడిగింది, 'ఆయన పోయారు, నా సంగతేం చెయ్యాలో పాలుపోవడం లేదు' అని. నువ్వేమన్నావు?"

"గుర్తులేదమ్మా."

"నాకు గుర్తుంది. 'పెద్దాయన మాటే నా మాట టీచరమ్మగారూ, మీరు నిశ్చింతగా పడుకోండి' అన్నావు. పడుకోండి అన్నావు. ఆ మాటకి నాకు కళ్లనీళ్లు తిరిగాయి. అందుకే కోటు పంపించాను. కుర్చీ పార్టీ ఇచ్చింది, కోటు నేనిచ్చాను."

కోటు మడతపెట్టడం ఆపి మా ఆవిడ నావైపు చూసింది. ఈ మాటలు ఆవిడకి ఇప్పటిదాకా తెలీవు. తల ఊపానని చెప్పాను ఆవిడక్కూడా.

అన్నాను. ఆ మాటలే అన్నాను. చెయ్యి పట్టుకుని మరీ అన్నాను.


ఫిబ్రవరి 16, ఆదివారం

రేపు వెళ్లి టీచరమ్మతో మాట్లాడతాను.


ఫిబ్రవరి 17, సోమవారం

వెళ్లలేదు. వాన. రేపు.

కోటు కుట్లు విప్పడం అయింది. పొద్దున మా ఆవిడే వెళ్లి ఇచ్చి వచ్చింది. ఆ వానలోనే.


ఫిబ్రవరి 18, మంగళవారం

వెళ్లాను. ఎలా వెళ్లానంటే, మా ఆవిడ నా చెప్పులు తెచ్చి గుమ్మం బయట పెట్టింది.

ఆ సెంటర్ ఆస్పత్రి వెనకవైపు, కింది అంతస్తులో. ఆరు మంచాలు, ఆరు మిషన్లు. గోడకి టీవీ ఉంది, బొమ్మ వస్తోంది గానీ శబ్దం లేదు. టీచరమ్మది నాలుగో మంచం. ఎడమచేతికి రెండు గొట్టాలు. కుడిచేతిలో ఫోను, అందులో చదరంగం.

నన్ను చూసి ఆశ్చర్యపోలేదు.

"కూర్చో. ఆ దుప్పటి తీసి పక్కన పెట్టు. కాలిదగ్గర గొట్టం ఉంది, చూసుకో."

కూర్చున్నాను.

"ఇది పెద్దాయనతో ఆడుతున్న ఆట" అంది ఫోను చూపిస్తూ. "ఆయన క్యాంటీన్‌లో, నేను ఇక్కడ. ఆయన వంతు దగ్గర ఆగిపోయింది. తీసెయ్యబుద్ధి కాక అలా ఉంచాను. ఊ, ఏంటి విషయం?"

"క్షమాపణ చెబుదామని వచ్చాను."

"చెప్పు."

దారంతా కూడబలుక్కున్న మాటలు ఒక్కటీ రాలేదు. వచ్చింది ఇది: "పరిస్థితులు అలా వచ్చాయండీ."

"పరిస్థితులు రాలేదు బాబూ. నువ్వొచ్చావు. క్యాంటీన్లోంచి లేచి, మెట్లెక్కి, తలుపు తోసుకుని, నీ కాళ్ల మీద నువ్వే వచ్చావు. ముప్పై ఏళ్లు పిల్లల దగ్గర విన్నానయ్యా ఇది. గాజు గ్లాసు పగిలిపోయిందండీ అంటారు. పగలగొట్టానండీ అన్నవాణ్ని ఒక్కణ్ని చూడలేదు."

"నేనే వచ్చానండీ."

"ఇప్పుడు సరిగ్గా చెప్పావు."

ఆవిడ ఫోను బోర్లా పెట్టింది.

"ఒక్కటి అడుగుతాను. బిల్లు మొదట సోమవారానికి అనుకున్నారు. గురువారానికి జరిపారు. నా గురువారాలు ఎవరికీ తెలీవు. ఎవరు చెప్పారు వాళ్లకి?"

ఇది అడుగుతుందని నాకు తెలుసు. ఈ పుస్తకంలో ఇన్ని రోజులు దీని చుట్టూ తిరిగి రాశాను. మిషన్ బీప్‌మంది. నర్సు వచ్చి ఏదో నొక్కి వెళ్లింది. ఆ కొద్దిసేపట్లో అబద్ధం ఒకటి తయారైంది కూడా. వాడలేదు.

"నేనే చెప్పాను."

ఎలా జరిగిందో చెప్పమన్నట్టు చూసింది. చెప్పాను.

జనవరిలో ఒకరోజు విప్ తన కారులో ఎక్కించుకున్నాడు. ఎప్పుడూ వెనక సీట్లో ఇద్దరి మధ్య ఇరుక్కుని కూర్చునేవాణ్ని. ఆ రోజు ముందు సీటు చూపించాడు. దారిలో అడిగాడు, "టీచరమ్మ ఏ రోజుల్లో రాదయ్యా?" అని. అంత మామూలుగా, వాన పడుతుందా అన్నట్టు. "మంగళ, గురు, శని" అన్నాను. "ఎందుకో?" అన్నాడు. "ఒంట్లో బాగాలేక" అన్నాను. మిషన్ సంగతి చెప్పలేదు. చెప్పలేదు కాబట్టి రహస్యం దాచాననే అనుకున్నాను. ఆయనకి తెలియనిది నాకొకటి తెలుసని గొప్పగా అనిపించింది. అంతే కారణం. బెదిరించలేదు, ఆశపెట్టలేదు. ముందు సీటు.

టీచరమ్మ టీవీ వైపు తిరిగి చాలాసేపు చూసింది. అందులో ఎవరో కారు కడుగుతున్నారు.

"గురువారం వస్తాను నేను" అంది చివరికి. "నేనొస్తే నువ్వు చెయ్యెత్తినా ఓట్లు సమానం. బిల్లు పోతుంది."

నర్సు వెనకనుంచి వినేసింది. "ఎక్కడికొస్తారు? పోయిన గురువారం మానేసి శనివారం ఎలా వచ్చారో మర్చిపోయారా? ఇద్దరం పట్టుకుంటే గానీ మంచమెక్కలేదు. ఈసారి మానేస్తే ఈ గదికి కాదమ్మా, ఆ ఎదురు ఎమర్జెన్సీ గదికి తేవాలి మిమ్మల్ని."

"బుధవారం చెయ్యకూడదా?" అన్నాను.

"ఆరు మిషన్లేనండీ ఉన్నవి. ఎవర్ని లేపమంటారు?"

ఐదో మంచం మీదాయన, "నన్ను మాత్రం లేపకండి" అన్నాడు కళ్లు తెరవకుండానే.

నర్సు వెళ్లాక ముందుకి వంగాను. "టీచరమ్మగారూ, మీరు రావద్దు. నేను క్యాంటీన్‌లోనే ఉంటాను. ఎవరొచ్చి పిలిచినా లేవను. మాటిస్తున్నాను."

నవ్వింది. గొట్టాలు కదిలేలా నవ్వింది. "మళ్లీ మాటేనా! ఒకటి ఇచ్చావు కదయ్యా, అదింకా కొత్తగానే ఉంది. నేనింకా వాడనేలేదు."

తల దించుకున్నాను.

"మాట వద్దు" అంది. "మనిషివి రా. గురువారం పదిన్నరకి నన్ను ఈ మిషన్‌కి తగిలిస్తారు. రెండున్నర దాకా విప్పరు. ఆ నాలుగు గంటలూ నువ్వు ఈ కుర్చీలో ఉండు. నేను కదల్లేను, నువ్వు కదలకూడదు. పది దాటి పావుగంటకల్లా ఈ కుర్చీలో నువ్వు కనిపిస్తే చెయ్యి చాపుతాను. కనిపించలేదా, ఆటో పిలుచుకుని సభకి పోతాను. తర్వాత ఏ గదిలో పడేస్తారో వాళ్లిష్టం."

"వస్తానండీ."

"అది కూడా మాటే. అనకు. చదరంగం వచ్చా?"

"రాదండీ."

"మరీ మంచిది. నాలుగు గంటలు ఏం చేస్తావు, నేర్పుతాను."


ఫిబ్రవరి 19, బుధవారం

పొద్దున విప్ ఫోన్.

"తమ్ముడూ, రేపు తొమ్మిదింటికి నేనే వస్తున్నా కారేసుకుని. ముందు సీటు నీదే. టీచరమ్మ ఎలాగూ రాదు, మొన్న చూశాం కదా ఆవిడ వాలకం. నీ ఒక్క చెయ్యి చాలు. ఇంకోటి, టికెట్ల కమిటీ శుక్రవారం కూర్చుంటోంది. నీ పేరు నా జేబులో ఉంది."

రానని చెప్పాలి. అంత చిన్న మాట. టీచరమ్మ మొహం కళ్లముందే ఉంది, ఆ రబ్బరు చెప్పులు కూడా.

"సరేనండీ" అన్నాను.

ఫోన్ పెట్టేశాక కూడా నమ్మలేకపోయాను. ఎవరూ నా గొంతు మీద కాలు పెట్టలేదు. అవతలివాడు సౌమ్యంగానే మాట్లాడాడు. నా నోరు దానంతటది సరేనండీ అంది. పన్నెండేళ్లుగా ఆ నోటితోనే నెగ్గుకొచ్చాను. ఎవరికీ అడ్డం రానివాణ్నని ఈ సీటిచ్చారు. తప్పేం కాదు వాళ్లది, సరైనవాణ్నే వెతుక్కున్నారు.

వెనక్కి తిరిగితే మా ఆవిడ గుమ్మంలో ఉంది. చేతిలో సగం కుట్టిన నిక్కరు.

"రెండు చోట్లా సరే అన్నారన్నమాట."

"ఫోన్ చేసి కాదని చెబుతాను."

"చెప్పకండి."

"అదేంటి?"

"మీరు ఫోన్ చేస్తారు, ఆయన మాట్లాడతాడు, మీరు మళ్లీ సరే అంటారు. మీకు నోటితో కాని పనులున్నాయి. కాళ్లతో చెయ్యండి."

నాకు కోపం వచ్చింది. నన్నేదో చంటిపిల్లాడిలా చూస్తున్నావన్నాను. చంటిపిల్లలు ఓట్లు వెయ్యరు కదా అంది. కింద షాపులో ఎవరో పిలిస్తే దిగిపోయింది. మధ్యాహ్నం దాకా మాటల్లేవు.

భోజనాల దగ్గర నేనే కదిపాను. "రేపు నేను వెళ్తే, వచ్చే ఎన్నికల్లో మనం లేనట్టే. వార్డు కౌన్సిలర్‌గా కూడా ఉండనివ్వరు."

"ఊ."

"కుళాయిల కోసం మన గుమ్మం ముందు ఎవరూ నిలబడరు."

"కాస్త గుమ్మం ఊడ్చుకోవడం తేలికవుతుంది."

నవ్వొచ్చింది. ఆపుకున్నాను. ఆవిడ ఆపుకోలేదు.

తర్వాత మామూలుగా, కూర వడ్డిస్తూ చెప్పింది. "కారు తొమ్మిదికి కదా. మనం ఎనిమిదికే బయల్దేరదాం. నేనూ వస్తాను. ఒంటరిగా పంపితే దారిలో ఎవరైనా ముందు సీటు చూపిస్తారు."

ముందు సీటు సంగతి ఆవిడకి నిన్ననే చెప్పాను. అన్నీ చెప్పాను. వినేటప్పుడు ఏమీ అనలేదు. ఇవాళ అంది.

"ఎనిమిదికెందుకు? సెంటర్ దగ్గరే."

"స్లాబు బడి ఎనిమిదిన్నరకి తెరుస్తారు. వచ్చే ఏటికి కొలతలు తీసుకోవాలి. నేను తీస్తుంటే మీరు రాయండి. ఆ పిల్లల మధ్య కాసేపు నిలబడితే మీకూ మంచిదే."

కొలతలు తీసుకోమంటారా వద్దా అని ఇక అడగలేదు.

సాయంత్రం పెన్సిల్‌కి నేనే ఫోన్ చేశాను. జోడీ తెగ్గొట్టింది నేనేనని చెప్పాను. నా పేరుతోనే రాసుకోమన్నాను. టీచరమ్మ ఎందుకు రాలేదో అడిగాడు. అది మాత్రం నా నోట రాదన్నాను. ఈసారి ఆగాను, దాటలేదు. వాడు "సున్నా కొట్టేస్తున్నానురా" అన్నాడు. ఎల్లుండి పేపర్లో వస్తుందట.

దీనికి నేనేదో గొప్పపని చేసినట్టు అనిపించబోతోంది. చెయ్యలేదు. రేపు పొద్దున ఆ కారు హారన్ వినపడేంత దూరంలో ఉంటే ఏం చేస్తానో నాకింకా తెలీదు. అందుకే ఎనిమిదింటికి.

తొమ్మిదింటికి విప్ కారు మా ఇంటి ముందు ఆగుతుంది. షాపు తాళం వేసి ఉంటుంది. పది దాటి పావుగంటకి టీచరమ్మ నాలుగో మంచం మీద కూర్చుని పక్క కుర్చీ వైపు చూస్తుంది. పదిన్నరకి మిషన్. పన్నెండున్నరకి సభలో గంట.

మా ఆవిడ టేపు తీసి గుమ్మం దగ్గర పెట్టింది. పక్కనే నా చెప్పులు.